మెట్రో మెట్ల దాకా రెండు కిలోమీటర్లు

హైదరాబాదులో ఇప్పుడు ఎవరినైనా అడ్రసు అడగండి, ముందు పిల్లర్ నంబరు చెబుతారు. బట్టల దుకాణం, కోచింగ్ సెంటర్, బిర్యానీ హోటల్ అన్నీ ఫలానా పిల్లర్‌కు ఎదురుగానే ఉంటాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లతో మొదలైన మెట్రో, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మార్గం తెరిచేసరికి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు అయింది. రోజుకు నాలుగున్నర లక్షల నుంచి ఐదు లక్షల మంది దాకా ఎక్కుతున్నారు. ఇంత పెద్ద నగరానికి అది గొప్ప సంఖ్యేమీ కాదు. రైలు బాగుంది, ఏసీ బాగుంది, టైముకే వస్తుంది. మరి మిగతావాళ్లు ఎందుకు ఎక్కడం లేదంటే చాలామంది ఛార్జీల మాటెత్తుతారు. అదీ నిజమే. కానీ జేబులో చెయ్యి పెట్టే లోపే అడ్డు తగిలేది ఇంకొకటుంది. అది ఇంటి గేటుకూ స్టేషన్ మెట్లకూ మధ్య ఉన్న దూరం.

లెక్క చిన్నదే. మామూలు మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు. రైలు కోసం పది నిమిషాలు నడవమంటే నడుస్తాడు, ఇరవై నిమిషాలంటే బండి తాళాలు వెతుక్కుంటాడు. పది నిమిషాలంటే సుమారు 800 మీటర్లు. స్టేషన్‌ను మధ్యలో పెట్టి అంత వ్యాసార్ధంతో వృత్తం గీస్తే లోపల పడేది 2 చదరపు కిలోమీటర్ల నేల. ఇప్పుడు అదే మనిషికి ఒక సైకిల్ ఇద్దాం. తొందర లేకుండా తొక్కినా గంటకు 15 కిలోమీటర్లు పోతాడు. పది నిమిషాల్లో 2.5 కిలోమీటర్లు. ఈ వృత్తం వైశాల్యం దాదాపు 20 చదరపు కిలోమీటర్లు. వేగం మూడింతలైతే అందే నేల తొమ్మిది పది రెట్లయింది. వైశాల్యం వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుందని పదో తరగతిలో చదువుకున్నదే ఇది.

మన స్టేషన్లు కిలోమీటరుకొకటి, కిలోమీటరున్నరకొకటి చొప్పున ఉన్నాయి కాబట్టి వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకని పట్టీలుగా చూడటం మేలు. నడిచేవాళ్లకు మెట్రో అంటే 69 కిలోమీటర్ల పొడవు, 1.6 కిలోమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ. అంటే 110 చదరపు కిలోమీటర్లు. జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం చాలా ఏళ్లు 650 చదరపు కిలోమీటర్లుగా ఉండేది, అందులో ఆరో వంతన్నమాట. సైకిల్ మీద వచ్చేవాళ్లకు ఆ పట్టీ 5 కిలోమీటర్ల వెడల్పవుతుంది. అమీర్‌పేట లాంటి చోట్ల లైన్లు ఒకదాన్నొకటి దాటుతాయి కాబట్టి రెండుసార్లు లెక్కలో పడినదాన్ని తీసేసినా, దాదాపు సగం నగరం దాని లోపలికి వస్తుంది. కొత్తగా ఒక్క పిల్లర్ లేపకుండానే. (అంతమంది నిజంగా వస్తే బోగీలు కొనక తప్పదు. ఆ ఇబ్బంది రావాలనే కోరుకుందాం.)

కాగితం మీద వృత్తం గుండ్రంగా ఉంటుంది, నేల మీద ఉండదు. రోడ్డు ఎప్పుడూ కాకిలా ఎగిరిపోదు. మధ్యలో రైలు పట్టాలొస్తాయి, నాలా వస్తుంది, కంటోన్మెంట్ గోడ వస్తుంది, ఈ మధ్య అన్నిటికంటే ఎక్కువగా గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ వస్తుంది. నేరుగా కిలోమీటరుండే దూరానికి 1.4 కిలోమీటర్లు తిరగాల్సి వచ్చిందనుకోండి, పది నిమిషాల్లో అందే నేల సగానికి పడిపోతుంది. 1.4ను వర్గం చేస్తే 2 కదా. నలభై శాతం చుట్టుతిరుగుడు సగం ప్రయాణికులను మింగేస్తుంది. కాలనీ వెనక గోడకు మనిషీ సైకిలూ పట్టేంత చిన్న గేటు పెడితే పోయేది ఒక వాచ్‌మన్ జీతం. మెట్రో మీద వేల కోట్లు పెట్టిన ఊళ్లో ఇంత చవకైన పని మరొకటి నాకు కనిపించదు. అయినా ఎవరూ చెయ్యరు, ఎందుకంటే దానికి శిలాఫలకం వెయ్యడానికి చోటుండదు.

ఈ లెక్కను అందరికంటే బాగా పనిలో పెట్టింది నెదర్లాండ్స్. అక్కడ రైలెక్కేవాళ్లలో నలభై శాతానికి పైగా ఇంటి నుంచి స్టేషన్‌కు సైకిల్ మీదే వస్తారు. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 2019లో పూర్తయిన పార్కింగ్‌లో 12,500 సైకిళ్లు పడతాయి. మూడంతస్తులు. తొక్కుకుంటూనే లోపలికి వెళ్లి, సైకిల్ పెట్టి, మెట్లెక్కితే ప్లాట్‌ఫారం. వాళ్ల దేశం బల్లపరుపుగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, మనకు కుదరదు అంటారా? ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దానికీ ఒక లెక్కుంది.

మనిషి, సైకిల్ కలిపి 95 కిలోలనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద పోతుంటే టైర్ల రాపిడి, గాలి ఎదురు కలిసి వెనక్కి లాగే బలం సుమారు 14 న్యూటన్లు. దాన్ని దాటి పోవడానికి కావలసిన సామర్థ్యం అరవై వాట్ల లోపు, పాతకాలపు బల్బుకు పట్టేంత. వ్యాయామం అలవాటు లేనివాళ్లు కూడా గంటసేపు ఇవ్వగలిగినది. ఇప్పుడు రోడ్డును మూడు శాతం ఎత్తుకు లేపండి, అంటే వంద మీటర్లకు మూడు మీటర్లు. కంటికి అది ఎత్తులాగే కనిపించదు, కారులో అసలు తెలియదు. కాలికి మాత్రం బలం మూడింతలవుతుంది, అదే వేగం నిలబెట్టాలంటే 170 వాట్లకు పైగా కావాలి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లలోనే కొండలున్నాయి. కండరం తాను ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతుకు మించి పెడలుకు ఇవ్వదు, మిగిలినదంతా వేడి. కాబట్టి మే నెలలో ఆఫీసు చొక్కా వేసుకుని ఆ ఎక్కుడు ఎక్కమనడం న్యాయం కాదు.

అయితే మెట్రో లైన్ల పక్కనున్న కేపీహెచ్‌బీ, ఉప్పల్, నాగోలు, దిల్‌సుఖ్‌నగర్ బంజారాహిల్స్ కావు. అక్కడి ఎత్తుపల్లాలు చాలావరకు తొక్కదగ్గవే. మిగిలిన చోట్లకు బ్యాటరీ సైకిల్ ఉంది. మన చట్టం ప్రకారం మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా ఉంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. మూడు శాతం ఎక్కుడుకు కావలసిన అదనపు సామర్థ్యం, సుమారు 115 వాట్లు, ఆ మోటారుకు ఒక లెక్క కాదు.

ఎక్కుడు కంటే మోసకారి ఇంకొకటుంది. ఆగడం. 15 కిలోమీటర్ల వేగంలో ఉన్న 95 కిలోల బరువులో సుమారు 800 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. బ్రేకు పట్టగానే అదంతా రిమ్ముల వేడిగా పోతుంది. మళ్లీ ఆ వేగం అందుకోవడానికి చేసే పనితో చదును రోడ్డు మీద దాదాపు 60 మీటర్లు పోవచ్చు. మోటారు బండివాడికి ఇది తెలియదు, చేత్తో యాక్సిలరేటర్ తిప్పుతాడు. తొక్కేవాడికి ప్రతి ఆగుడూ కాళ్లలో పడుతుంది. ఎండలో అయితే ఇంకో బాధ: కదులుతున్నంతసేపూ గాలి చెమటను ఆరబెడుతుంది, ఆగిన చోటే ఒళ్లంతా తడుస్తుంది. అందుకే సైకిల్ దారిలో చెట్టు నీడ అన్నిటికంటే ముందు సిగ్నల్ దగ్గర కావాలి. మనం మొక్కలు నాటేది డివైడర్ మధ్యలో.

వేడినీ ఎత్తునీ పక్కన పెడితే అసలు కారణం భయం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిల్ వ్యవహారాలు చూసిన రోజర్ గెల్లర్ 2006లో తన ఊరి జనాన్ని నాలుగు రకాలుగా అంచనా కట్టాడు. ఎలాంటి రోడ్డు మీదైనా తొక్కే మొండివాళ్లు ఒక శాతం లోపు. దారి కాస్త గీసి ఉంటే తొక్కేవాళ్లు ఏడు శాతం. ఏం చేసినా ఎక్కనివాళ్లు మూడో వంతు. మిగిలిన అరవై శాతం, తొక్కాలనుంది కానీ భయం అనేవాళ్లు. ఆ అంకెలు అచ్చంగా హైదరాబాదుకు వర్తిస్తాయని చెప్పను. మన దగ్గర ఐదో రకం కూడా ఉంది: ఇష్టం ఉన్నా లేకపోయినా తొక్కక తప్పనివాళ్లు. ఫ్లాస్కులు తగిలించుకుని చాయ్ అమ్మేవాళ్లు, పేపరు వేసే కుర్రాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు వేలాడేసుకుని సైటుకు పోయే కూలీలు. 2011 జనగణన పనికి ఎలా వెళ్తున్నారని అడిగినప్పుడు దేశంలో సైకిల్ మీద వెళ్లేవాళ్లు సుమారు 13 శాతమని తేలింది, స్కూటర్లు మోటార్‌సైకిళ్ల వాళ్లకు దాదాపు సమానం. సైకిల్ ట్రాక్ గురించి జరిగే సభల్లో వీళ్లు కనిపించరు. ఆ సమయానికి వాళ్లు రోడ్డు మీద ఉంటారు.

భయం ఊరికే పుట్టింది కాదు. గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, 30 కిలోమీటర్ల వేగంతో తగిలే కారు కంటే 60తో తగిలే కారులో నాలుగింతల దెబ్బ ఉంటుంది. అందుకే డచ్చి ఇంజనీర్ల పద్ధతి సూటిగా ఉంటుంది: వాహనాలు 30 లోపు పోయే వీధిలో సైకిలూ కారూ కలిసి పోవచ్చు, ట్రాక్ అక్కర్లేదు. అంతకంటే వేగంగా పోయే పెద్ద రోడ్డయితే మధ్యలో గట్టు కట్టి విడదీయాలి. తెల్ల గీత గట్టు పని చెయ్యదు. మన ఊళ్లో తెల్ల గీత గీసిన సైకిల్ దారి సాయంత్రానికి పార్కింగ్ అవుతుంది, మర్నాటికి పానీపూరీ బండి వస్తుంది.

హైదరాబాదులో గట్టే కాదు, ఏకంగా కప్పు వేసి కట్టిన ట్రాక్ ఒకటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, మొత్తం 23. వెడల్పు 4.5 మీటర్లు. పైన సోలార్ పలకలు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో హైవే మధ్యలో వేసిన ఇలాంటి దారిని చూసి రూపొందించారు. ఎండ వానలు తగలకుండా, కారు దగ్గరికి రాకుండా అంత పొడవున తొక్కగలగడం ఈ దేశంలో అరుదు. కట్టినవాళ్లను మెచ్చుకోవాలి. ఇంజనీరింగ్ పరంగా దానికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒక్కటే సంగతి. ఉదయం ఆ ట్రాక్ మీద హెల్మెట్లు, రంగురంగుల జెర్సీలు కనిపిస్తాయి. చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తారు. వ్యాయామానికి వస్తారు, చేసి వెళ్తారు. అది మంచిదే, కానీ రవాణా లెక్కలో దాని విలువ చాలా తక్కువ, ఎందుకంటే ఆ 23 కిలోమీటర్లలో ఒక్క మెట్రో స్టేషన్ లేదు. ఇటు నిజాంపేటలో ఉండే మనిషికి జేఎన్టీయూ స్టేషన్ సుమారు మూడు కిలోమీటర్లు. నడవడానికి ఎక్కువ, ఆటో మాట్లాడుకోవడానికి తక్కువ, సైకిల్‌కు కొలిచి పెట్టినట్టుంది. అక్కడ మీటరు ట్రాక్ కూడా లేదు.

ట్రాక్‌లను కిలోమీటర్లలో కొలవడమే ఈ తికమకకు మూలం. ఒక చిన్న లెక్క చూడండి. పది కాలనీలున్నాయి, వాటన్నిటినీ కలుపుతూ భయం లేని సైకిల్ దారి ఉంది. ఏ కాలనీ నుంచైనా ఏ కాలనీకైనా పోవచ్చు కాబట్టి 45 జతల ప్రయాణాలు సాధ్యం. ఆ దారికి సరిగ్గా నడుమ, ఐదు కాలనీలు అటూ ఐదు ఇటూ ఉన్నచోట, 200 మీటర్ల జంక్షన్ ఒకటి వదిలేశారు. ఇప్పుడు అటు పది జతలు, ఇటు పది జతలు. 45 కాస్తా 20 అయింది. ట్రాక్ పొడవు ఒక శాతం కూడా తగ్గకపోవచ్చు, పనికొచ్చే ప్రయాణాలు సగానికి పైగా పోయాయి. ఊరంతా మంచినీటి పైపు వేసి ఒక్కచోట కలపడం మరిచిపోతే బిల్లులో పైపు పొడవు మారదు, కుళాయిలో నీళ్లు మాత్రం రావు. తొక్కేవాళ్ల మనసు కూడా ఇలాగే లెక్క వేస్తుంది. దారి మొత్తంలో అన్నిటికంటే భయపెట్టే ఆ 200 మీటర్లే ఆ దారి ఎంత భయంకరమో నిర్ణయిస్తుంది. కూతురిని సైకిల్ మీద ట్యూషన్‌కు పంపాలా వద్దా అని తల్లి ఆలోచించేది ఆ జంక్షన్ గురించే.

దీన్ని సరిగ్గా అర్థం చేసుకున్న ఊరు స్పెయిన్‌లోని సెవిల్లె. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు, కాబట్టి మనకు చలిదేశం సాకు లేదు. 2006 నాటికి అక్కడ సైకిల్ ప్రయాణాలు ఒక శాతం కూడా లేవు. ఏడాదికి రెండు కిలోమీటర్ల చొప్పున విసిరేసినట్టు వేయకుండా, మొదటి విడతలోనే దాదాపు 80 కిలోమీటర్లు, అన్నీ ఒకదానికొకటి కలిసేట్టు వేశారు. 2010 నాటికి 120 కిలోమీటర్లయింది. చాలాచోట్ల స్థలం వచ్చింది కార్ల పార్కింగ్ వరుసలోంచి. రెండు వైపులకూ పోవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు చాలింది. కొన్నేళ్లలోనే వాటా ఆరు శాతం దాటింది. ఆర్భాటం లేదు, సోలార్ కప్పు లేదు, ఆకుపచ్చ రంగు పూసిన మామూలు దారులు. ఎక్కడా తెగలేదు, అంతే.

తెగేది ఎప్పుడూ జంక్షన్‌లోనే కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. మన రోడ్ల మీద సైకిల్ ఎడమ అంచున పోతుంది. నేరుగా పోవాలి. అదే సమయంలో కుడిపక్క నుంచి ఒక కారు ఎడమకు తిరుగుతుంది, మనకు ఫ్రీ లెఫ్ట్ అనే వరం కూడా ఉంది కదా. కారు సైకిల్ ముందు నుంచి అడ్డంగా కోస్తుంది. డ్రైవరుకు సైకిల్ కనిపించాల్సింది ఎడమ అద్దంలో, అదీ మలుపు మొదలయ్యే ముందు. బస్సయితే ఆ మూల అసలు కనపడదు. డచ్చివాళ్లు దీనికి కనిపెట్టిన మందు రెండు ముక్కలు. మూలలో ఒక చిన్న దిబ్బ, సైకిల్ దాటే చోటు మూల నుంచి ఒక కారు పొడవు వెనక్కి. దిబ్బ వల్ల మలుపు బిగుసుకుంటుంది. వాహనం సుఖంగా తిరగగల వేగం మలుపు వ్యాసార్ధపు వర్గమూలంతో మారుతుంది: 25 మీటర్ల విశాలమైన మలుపులో గంటకు 28 కిలోమీటర్ల దాకా పోయే కారు, 6 మీటర్ల మలుపులో 14కు దిగాల్సిందే. ఆ నిదానంలో కారు పూర్తిగా తిరిగేసరికి సైకిల్ దారి దాని ముందద్దంలో, సరిగ్గా కళ్లెదుట ఉంటుంది. ఆగడానికి ఒక కారు పట్టేంత చోటుంది, వెనకవాడు హారన్ కొట్టడు. సెన్సర్లు లేవు, యాప్ లేదు. సిమెంటు గట్టును ఎక్కడ పెట్టామన్నదే అంతా.

మనమేమో విశాలమైన ఫ్రీ లెఫ్ట్ కట్టి, దాని అంచున వాన నీళ్లు దిగే ఇనుప జాలీ పెడతాం. జాలీ కడ్డీలు రోడ్డు పొడవునే ఉంటాయి, వాటి సందు సైకిల్ టైరుకు సరిగ్గా సరిపోతుంది. ముందు చక్రం అందులో దిగితే మనిషి హ్యాండిల్ మీదుగా పోతాడు. అదే జాలీని తొంభై డిగ్రీలు తిప్పి పెడితే ఏమీ కాదు.

రోడ్డు వెడల్పు తగ్గించి సైకిళ్లకిస్తే ట్రాఫిక్ ఏమైపోవాలి అని అడిగేవాళ్లకు రెండు సంగతులు. మూడున్నర మీటర్ల వరుస ఒకటి కార్లకిస్తే గంటకు పోగలిగేది సుమారు 2,000 మంది, సైకిళ్లకిస్తే 14,000 దాకా పోగలరని రవాణా పుస్తకాలు చెబుతాయి. రెండోది, రోడ్డు పెంచితే రద్దీ తగ్గుతుందన్న నమ్మకం. 1962లోనే ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ దాన్ని ప్రశ్నించాడు. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి చూస్తే రోడ్లు పది శాతం పెరిగినచోట వాహనాల తిరుగుడు కూడా దాదాపు పది శాతం పెరిగింది. ఫ్లైఓవర్ దిగగానే కొత్త సిగ్నల్ దగ్గర నిలబడే మనకు ఈ పరిశోధన చదవాల్సిన అవసరం కూడా లేదు.

ఇక స్టేషన్ దగ్గర సైకిల్ సంగతి. మెట్రో తొలినాళ్లలో కొన్ని స్టేషన్ల బయట అద్దె సైకిళ్లు వరుసగా పెట్టారు, అవి పెద్దగా నిలదొక్కుకోలేదు. సైకిల్ అద్దెకు తీసుకోవడం మనకు కొత్తేమీ కాదు. బార్ సందులోంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్న తరానికి గంటకింత అని అద్దెకిచ్చే సైకిల్ షాపు బాగా తెలుసు. నెదర్లాండ్స్ అనుభవంలో తెలివైన విషయమేమిటంటే, ఇంటివైపు స్టేషన్‌కూ ఆఫీసువైపు స్టేషన్‌కూ వేర్వేరు మందు వేయడం. ఇంటి దగ్గర మనిషికి సొంత సైకిల్ ఉంటుంది, అతనికి కావలసింది అది పోకుండా పెట్టుకునే చోటు. దిగిన స్టేషన్‌లో అతని సైకిల్ ఉండదు, అక్కడ కావలసింది అద్దె సైకిల్. అక్కడి రైల్వే అద్దె సైకిల్‌ను సాయంత్రం మళ్లీ అదే స్టేషన్‌లో అప్పగించాలి, ఎక్కడపడితే అక్కడ వదలడానికి లేదు. అలా అయితే పొద్దున ఇటు పోగై సాయంత్రం అటు పోగయ్యే సైకిళ్లను లారీల్లో మోసే ఖర్చు మిగులుతుంది. ఈ లెక్కన ఇళ్లుండే కూకట్‌పల్లికి నమ్మకమైన స్టాండు కావాలి, ఆఫీసులుండే రాయదుర్గానికి అద్దె సైకిల్ కావాలి. స్టాండు కూడా ముందు చక్రాన్ని మాత్రమే పట్టుకునే రకం వద్దు, పక్కనున్నవాడు తోస్తే రిమ్ము వంగుతుంది. నేలలో పాతిన, ఫ్రేముకు తాళం వేసుకోగల వంపు పైపు చాలు. ఒక పైపుకు రెండు సైకిళ్లు.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో కేంద్రానికి పంపిన మెట్రో రెండో దశ ప్రతిపాదనలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు ఉన్నాయి. అందులో ఒకటి రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా 11.6 కిలోమీటర్లు. నియోపొలిస్ ఔటర్ పక్కనే ఉంది, నార్సింగి నుంచి కొల్లూరు పోయే ఆ సోలార్ ట్రాక్ కూడా ఆ పక్క నుంచే పోతుంది. అంటే ఆ ప్రతిపాదన నిజమైతే నగరంలోని అన్నిటికంటే మంచి సైకిల్ దారి దగ్గరకు మొదటిసారి ఒక మెట్రో స్టేషన్ వస్తుంది. స్టేషన్ మెట్ల దగ్గర్నుంచి ట్రాక్ మీదికి ఎక్కడానికి సర్వీసు రోడ్డును ఎలా దాటాలి, దాటే చోట మలుపు ఎంత బిగువుగా ఉండాలి, సైకిల్ ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి ఆ మార్గపు సవివర ప్రాజెక్టు నివేదికతో (డీపీఆర్) పాటే గీయాల్సిన గీతలు.